చెప్పినవాడికి టీ, చెప్పించినవాడికి అవార్డు

ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళు క్లాసురూములో కన్నా ఒకరి పక్కన ఒకరు నిలబడే ఎక్కువ పని నేర్చుకుంటారట. ఇంత పెద్ద సంగతి కనిపెట్టినవాళ్ళకు హోసూరు జనం తరఫున ముందుగా ఒక శాలువా, కృష్ణగిరి మామిడిపళ్ళు ఒక బుట్ట. మాకు ఈ విషయం తెలియదు మరి. సిప్కాట్ పారిశ్రామికవాడ గేట్ల ముందు టీకొట్ల దగ్గర షిఫ్టు మారే వేళకు గుంపులు కట్టి, రాత్రి మూడో నంబరు మిషను ఎందుకు మొరాయించిందో చేతులు తిప్పుతూ చెప్పుకునేవాళ్ళంతా టీ కోసమే నిలబడ్డారని ఇన్నాళ్ళూ అమాయకంగా అనుకున్నాం. కాదట. వాళ్ళు ‘ఇన్ఫార్మల్ లెర్నింగ్’ చేస్తున్నారట. బెంగళూరు నుంచి నలభై కిలోమీటర్లు కారులో వచ్చిన కన్సల్టెంటుగారు ఆ ముక్క చెప్పి, బఫేలో భోంచేసి, బిల్లు ఇచ్చి, అత్తిబెలె టోల్‌గేటు దాటి వెళ్ళిపోయారు. టీకొట్టువాడికి రావలసిన బాకీ మాత్రం అలాగే ఉంది.

కన్సల్టెంటుగారి స్లైడు మీద మూడు అంకెలుంటాయి. ఈ స్లైడు లేని లెర్నింగ్ అండ్ డెవలప్‌మెంట్ (ఎల్ అండ్ డీ) శాఖ దేశంలో దొరకదు. 70, 20, 10. మనిషి నేర్చుకునేదాంట్లో డెబ్బై పాళ్ళు చేసే పని వల్ల, ఇరవై పాళ్ళు పక్కవాళ్ళ వల్ల, పది పాళ్ళు మాత్రమే క్లాసుల వల్ల. మూడూ సున్నాతో ముగిసే అంకెలే, కూడితే సరిగ్గా నూరు. లోకంలో ఏ కొలతా ఇంత ముచ్చటగా రాదు. మా షెడ్లలో ఎవడైనా రికార్డు పుస్తకంలో ఇలాంటి రీడింగులు రాస్తే, కొలవకుండానే రాశావని క్వాలిటీవాడు చెవి మెలేస్తాడు.

దీని పుట్టుక కూడా వినాల్సిందే. 1980ల్లో అమెరికాలోని నార్త్ కరొలైనాలో, సెంటర్ ఫర్ క్రియేటివ్ లీడర్‌షిప్ అనే సంస్థలో మోర్గన్ మెకాల్, మైకేల్ లంబార్డో వగైరాలు రెండు వందల మంది దాకా పెద్ద ఉద్యోగులను కూర్చోబెట్టి, మీరు ఇంత పైకి ఎలా వచ్చారు సార్, ఎక్కడ నేర్చుకున్నారు అని అడిగారు. సార్లు గుర్తు చేసుకుని చెప్పారు. ఆ జవాబుల్ని గంపల్లోకి సర్దితే తేలిన లెక్క 1996లో లంబార్డో, ఐకింగర్ వేసిన ఒక కరదీపికలో స్థిరపడి, అక్కడి నుంచి ప్రపంచమంతా పాకింది. లేత్ మీద నిలబడ్డవాణ్ణి అడిగిన పాపాన ఎవరూ పోలేదు. అడగనివాడి మీద కూడా ఆ లెక్క చెల్లుబాటు అవుతూనే ఉంది.

లెక్క తప్పని నేననను. కాస్త అటూ ఇటూగా నిజమే కావచ్చు. కానీ ఆ లెక్క చెప్పినవాళ్ళు డబ్బు ఎటు పోస్తారో చూడండి. బడ్జెటంతా ఆ పది పాళ్ళకే. హాలు అద్దె, కంపెనీ బొమ్మ వేసిన సంచీ, పెన్ను, బ్యాడ్జీ, ఎవరూ తెరవని యాప్‌కు ఏడాది చందా, అన్నీ అక్కడే. డెబ్బైకీ ఇరవైకీ కలిపి సున్న. అడిగితే సమాధానం సిద్ధం: అవి ఎలాగూ జరిగిపోతున్నాయి కదండీ!

ఎలా జరిగిపోతున్నాయో చూడాలంటే స్లైడు కట్టేసి షెడ్డులోకి రావాలి. పెద్ద కంపెనీకి షాఫ్టులు తిప్పి ఇచ్చే ఒక చిన్న యూనిట్ అనుకోండి. ఐటీఐ నుంచి కొత్తగా వచ్చిన కుర్రాడు సీఎన్‌సీ మిషను మీంచి జాబ్ దింపాడు. దింపిన చేత్తోనే మైక్రోమీటరు పెట్టాడు. ఉండాల్సినదానికన్నా పది మైక్రాన్లు ఎక్కువ చూపించింది. ఆఫ్‌సెట్ మార్చి ఇంకాస్త తీద్దామని బటన్ల మీదికి చెయ్యి పోయింది.

“ఆగప్పా,” అన్నాడు పక్క మిషను మీది అన్న. “దాన్ని చేత్తో పట్టుకో. ఎట్లుంది?”

“కాల్తా ఉందన్నా.”

“వేడి మీద కొలిస్తే అట్లే చూపిస్తుంది. రాయి మీద పెట్టి, టీ తాగొచ్చి కొలువు.”

టీ తాగొచ్చి కొలిస్తే జాబ్ కొలతకు సరిగ్గా ఉంది. 50 మిల్లీమీటర్ల ఉక్కు 20 డిగ్రీలు వేడెక్కితే 11 మైక్రాన్ల పైచిలుకు ఉబ్బుతుంది. ఈ సూత్రం మీద పరీక్ష రాసి మార్కులు తెచ్చుకున్నది కుర్రాడు. సూత్రం రానివాడు అన్న. అయినా ఆపింది అన్నే. ఆపకపోతే ఆ పూట తిప్పిన ప్రతి ముక్కా చల్లారాక సన్నబడి తుక్కు గంపలోకి పోయేది, ఎందుకు సన్నబడిందో తేల్చడానికి మూడు మీటింగులు పెట్టేవారు.

అన్న దగ్గర ఇలాంటివి ఇంకా చాలా ఉన్నాయి. తెల్లదొరలు మా ఊరిని లిటిల్ ఇంగ్లాండ్ అన్నారట, ఇక్కడి చలికి. డిసెంబరు పొద్దున ఆ చలిలో మిషను పెట్టగానే తీసిన ముక్కల్ని ఆయన నమ్మడు, స్పిండిల్ కాసేపు ఊరికే తిప్పి ఒళ్ళు వెచ్చబడ్డాకే అసలు పని మొదలుపెడతాడు. చుట్టలు చుట్టుకుని తెగిపడాల్సిన చిప్పు తీగలా సాగిందంటే టూలు పోయిందని వీపు తిప్పి ఉండే చెప్తాడు. మైక్రోమీటరును పిడికిలితో బిగించే కుర్రాళ్ళకు, వెనకున్న రాచెట్ పట్టుకుని టిక్కుటిక్కుమనేదాకా తిప్పితే చాలునని వేళ్ళు పట్టి చూపిస్తాడు. ఇదంతా జరిగేది టీ వేళ, భోజనం వేళ, షిఫ్టు అప్పజెప్పే ఐదు నిమిషాల్లో. ఉత్పాదకత పెంచాలని కంపెనీవాళ్ళు ముందు కత్తిరించేదీ సరిగ్గా వాటినే. టీ విరామం పావుగంట నుంచి పది నిమిషాలకు దిగుతుంది. అదే నోటీసు బోర్డు మీద, ఆ నోటీసు పక్కనే, ‘నిరంతర అభ్యాసమే మా సంస్కృతి’ అని ఇంకో నోటీసు. రెంటికీ ఒకే గుండుసూది.

అసలు ఈ ఊరే అలా తయారైంది. 1970ల్లో రాగి చేల మీద సిప్కాట్ లేచింది. 1980లో అశోక్ లేలాండ్ ఫ్యాక్టరీ వచ్చింది, టీవీఎస్ 50 మోపెడ్ రోడ్డెక్కింది. 1984లో టాటాలు, తమిళనాడు ప్రభుత్వ సంస్థ టిడ్కో కలిసి టైటాన్ పెడితే, ఆ దశాబ్దంలోనే ఇక్కడ గడియారాలు తయారయ్యాయి. పొద్దు చూసి టైం చెప్పే ఇళ్ళ పిల్లలు, అప్పుడే బడి ముగించినవాళ్ళు, భూతద్దం కంటికి తగిలించుకుని రవ్వంత చక్రాల్ని పట్టకారుతో కూర్చారు. వాళ్ళకు చూపించిన తొలితరంలో బెంగళూరు హెచ్ఎంటీ నుంచి వచ్చినవాళ్ళున్నారు. ఆ హెచ్ఎంటీ 1960ల మొదట్లో జపాన్ సిటిజెన్ కంపెనీ దగ్గర గడియారం కట్టడం నేర్చుకుంది. టోక్యో నుంచి బెంగళూరులోని జాలహళ్ళికి, జాలహళ్ళి నుంచి హోసూరుకు ఆ విద్య నడిచి వచ్చింది మనుషుల వేళ్ళ మీదనే. హెచ్ఎంటీ గడియారాల ఫ్యాక్టరీలు 2016లో మూతపడ్డాయి. మూసేవేళ మిషన్లకు వెల కట్టారు, భూములకు కట్టారు. వేళ్ళకు ఏ ఆడిటరూ వెల కట్టలేదు.

భాషల సంగతి ఇంకా తమాషా. 2006లో తమిళనాడు ప్రభుత్వం బళ్ళలో తమిళం తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చింది. 2015-16 నాటికి అది పదో తరగతిని తాకేసరికి మా తెలుగు, కన్నడ, ఉర్దూ బడుల పిల్లల కోసం పెద్దవాళ్ళు కోర్టుల మెట్లెక్కారు. అదే పిల్లవాడు షాప్‌ఫ్లోరులో అడుగుపెట్టిన ఆరు నెలలకు తెలుగులో అడిగి, తమిళంలో తిట్టు తిని, కన్నడంలో నవ్వి, జార్ఖండ్ కుర్రాడికి హిందీలో షిఫ్టు అప్పగించి ఇంటికి పోతాడు. చట్టం లేదు, హాల్‌టికెట్టు లేదు, ఫెయిలైనవాడూ లేడు. 2024లో మా కృష్ణగిరి ఎంపీ గోపీనాథ్ లోక్‌సభలో తెలుగులో ప్రమాణం చేస్తే ఆ వీడియో ఊరూరా వింతగా తిరిగింది. మా షెడ్లలో ఎవడూ తలెత్తి చూడలేదు. నాలుగు భాషల్లో నట్టు బిగించే ఇలాంటి మనిషిని పట్టుకుని ఎల్ అండ్ డీ శాఖ ఏం చేస్తుందంటే, ‘కమ్యూనికేషన్ స్కిల్స్’ క్లాసుకు పంపుతుంది. ఇంగ్లీషులో.

కన్సల్టెంటుగారు ఈ షెడ్ల జోలికి రాకపోతే అంతా బాగానే ఉండేది. కనిపెట్టాక ఊరుకోరు కదా. నేర్చుకోవడం దానంతటది జరుగుతోందని తేలగానే దాన్ని జరిపించడానికి ఒక పథకం కావాలి. మొదట ‘బడ్డీ’ పథకం వస్తుంది. అప్పటిదాకా కుర్రాడికి అన్నగా ఉన్నవాడు ఆరోజు నుంచి బడ్డీ అవుతాడు. నెలాఖరుకు ఒక ఫారం నింపాలి: ఎన్ని నిమిషాలు సంభాషించారు, ఏయే నైపుణ్యాలు బదిలీ అయ్యాయి, ఒకటి నుంచి ఐదు దాకా మార్కు. అన్నకు ఫారం నింపడం రాదు గనుక కుర్రాడే ఇద్దరి తరఫునా నింపుతాడు. రిపోర్టు పచ్చగా మెరుస్తుంది.

తరవాత జ్ఞానాన్ని ‘బంధించే’ కార్యక్రమం. పెద్దాయన రేపో మాపో రిటైరవుతాడు, ఆయనకు తెలిసినదంతా ఐదు పాయింట్లుగా రాసివ్వమంటారు. ఆయన తల గోక్కుని, “చెవి పెట్టి వినాలి సార్” అంటాడు. యువ ఇంజనీరు దాన్ని ‘శబ్ద ఆధారిత పర్యవేక్షణ’ అని రాసుకుని, లామినేషన్ చేయించి, మిషను మోతకు ఏమీ వినబడని చోట వేలాడదీస్తాడు. ఆ కాగితం చదివి పని నేర్చినవాణ్ణి నేనింతవరకు చూడలేదు. దాని అంచుతో గోళ్ళలో మడ్డి తీసుకునేవాళ్ళను చూశాను.

ఇలాంటి పనిని బుద్ధిగా చేసినవాళ్ళూ లేకపోలేదు. 1980ల్లో జూలియన్ ఓర్ అనే మానవశాస్త్రవేత్త అమెరికాలో జిరాక్స్ మిషన్లు బాగుచేసేవాళ్ళ వెంట తిరిగాడు. మాన్యువల్‌లో లేని రోగాలను వాళ్ళు తిండి బల్లల దగ్గర చెప్పుకునే కథల్లో కుదుర్చుకుంటున్నారని చూశాడు. 1996లో పుస్తకం వేశాడు. ఆ కిటుకుల్ని అందరికీ అందించడానికి జిరాక్స్‌లో ‘యురేకా’ అని ఒక ఏర్పాటు చేసినప్పుడు, ప్రతి కిటుకు కిందా దాన్ని చెప్పిన టెక్నీషియన్ పేరు ఉండేలా పెట్టారు. పేరు, అంతే. మన దగ్గర ఆపరేటరు చెప్పిన కైజెన్, అంటే పని మెరుగుపరిచే కిటుకు, సూపర్‌వైజరు నోట్లో పడి, మేనేజరు మెయిల్లో ఎక్కి, జనరల్ మేనేజరు ఫొటోతో గోడకెక్కుతుంది. ఆపరేటరుకు సబ్బుపెట్టె.

అయితే టీకొట్టు చదువునంతా నెత్తిన పెట్టుకోమని కూడా నేననడం లేదు. పక్కవాడు మంచే నేర్పాలని ఎక్కడా రాసిలేదు. పవర్ ప్రెస్ దగ్గరికి రండి. ఆ మిషనుకు రెండు బటన్లుంటాయి, రెండు చేతులతో ఒకేసారి నొక్కితేనే పైనుంచి ప్రెస్ దిగుతుంది. రెండు చేతులూ బటన్ల మీద ఉంటే వేళ్ళు డై కింద ఉండవన్నది దాని లెక్క. మొదటి రోజు సేఫ్టీ ఆఫీసరు ఈ సంగతి బొమ్మలతో చెప్తాడు, సంతకం పెట్టించుకుంటాడు. రెండో రోజు సీనియరు కుర్రాణ్ణి పక్కకు పిలుస్తాడు. “గంటకు వాళ్ళు చెప్పిన లెక్క రావాలంటే ఇట్ల చెయ్యల్లప్పా” అని ఒక బటన్‌లో అగ్గిపుల్ల ఇరికించి చూపిస్తాడు. ఒక చెయ్యి ఖాళీ అయింది. ఆ చేత్తో రేకు లోపలికి తోస్తే లెక్క వస్తుంది. సూపర్‌వైజరు అటుగా వచ్చి, అగ్గిపుల్ల చూసి, బోర్డు మీది అంకె చూసి, అంకె బాగుందని వెళ్ళిపోతాడు.

ఇదీ ఆ ఇరవైలోదే సుమా. కన్సల్టెంటుగారి స్లైడు మీద దీనికి బొమ్మ లేదు గాని, ఏ క్లాసుకన్నా గట్టిగా నాటుకునే పాఠం ఇదే. నేర్పింది సీనియరనుకుంటే పొరపాటు. ఆయన చెయ్యి పట్టి చూపించాడంతే. సిలబస్ రాసింది గంటకు ఇన్ని ముక్కలని టార్గెట్ పెట్టినవాడు. వేలు పోయిననాడు మాత్రం విచారణ కాగితంలో ‘శిక్షణ లోపం’ అని పడుతుంది. మళ్ళీ బొమ్మలు, మళ్ళీ సంతకాలు. సేఫ్ ఇన్ ఇండియా అనే సంస్థ 2019 నుంచి ‘క్రష్డ్’ పేరుతో వేస్తున్న నివేదికలు తిరగేయండి. హర్యానా మొదలుకొని వాహన విడిభాగాల ఫ్యాక్టరీల్లో నలిగిన చేతుల కథ ఏటేటా అదే. ప్రెస్సులే ముందుంటాయి, వేళ్ళు పోగొట్టుకున్నవాళ్ళలో ఎక్కువమంది వలస వచ్చినవాళ్ళు, కాంట్రాక్టువాళ్ళు. వాళ్ళంతా సేఫ్టీ క్లాసులో సంతకం పెట్టినవాళ్ళే అయి ఉంటారు.

ఇక కంపెనీ బస్సు. కెలమంగలం, డెంకణికోట, రాయకోట, బేరికె, సూళగిరి దారుల్లో చీకటితోనే బయలుదేరే ఆ బస్సుల నిండా ఇప్పుడు ఆడపిల్లలే. ఫోన్ల విడిభాగాలకూ, విద్యుత్ స్కూటర్లకూ వాళ్ళ చేతులే కావాలట. పోచంపల్లిలో స్కూటర్ల ఫ్యాక్టరీ అంతా ఆడవాళ్ళతోనే నడుస్తుందని ఓలావాళ్ళు 2021లో ప్రకటించారు. చేనేత పోచంపల్లి కాదు, మా జిల్లా పోచంపల్లి. ఆ బస్సు వెనక సీట్లో రెండేళ్ళు అనుభవమున్న అమ్మాయి కొత్త పిల్లకు జీతం చీటీ చదవడం నేర్పుతుంది. “ఇదో ఈ కాలం చూడు పాపా, పీఎఫ్ అని పట్టుకున్నారు కదా, అది నీ నంబరులో పడిందా లేదా ఫోన్లో చూసుకో. ఓటీ నాలుగు గంటలు చేసినావు, రెండే వేసినారు. పోయి అడుగు.” కొత్త పిల్ల పోయి అడుగుతుంది. మర్నాటి నుంచి ఆ పాత అమ్మాయి షిఫ్టు మారిపోతుంది.

చూశారా, పక్కవాళ్ళ దగ్గర నేర్చుకోవడం ఎంత గొప్పదో ఉపన్యాసమిచ్చిన శాఖే ఈ పాఠం వినగానే ఎలా ఉలిక్కిపడుతుందో! ఇరవై పాళ్ళలో జీతం చీటీ చదవడం రాదట. టార్క్ ఎంత పెట్టాలో ఒకరికొకరు చెప్పుకుంటే జ్ఞాన వినిమయం, ఓటీ ఎంత రావాలో చెప్పుకుంటే క్రమశిక్షణారాహిత్యం.

‘నేర్చుకోవడం’ అన్న పేరుతో అందరికన్నా ఎక్కువ సంపాదించినవాళ్ళ గురించి చెప్పకపోతే ఈ వ్యాసానికి పాపం చుట్టుకుంటుంది. 1961 నాటి అప్రెంటిస్ చట్టం 18వ సెక్షను ప్రకారం అప్రెంటిస్ అంటే నేర్చుకునేవాడే తప్ప కార్మికుడు కాడు. ఆరోగ్యం, భద్రత, గాయమైతే పరిహారం లాంటివి తప్పిస్తే కార్మిక చట్టాలేవీ వాడికి తగలవు. పని నేర్పే ఉద్దేశంతో రాసిన మాట అది. దాంట్లోంచి దారి కనిపెట్టడం మనవాళ్ళకు ఎంతసేపు? 2013లో సాంకేతిక విద్యామండలి ఏఐసీటీఈ ‘నీమ్’ అని ఒక పథకం తెచ్చింది, మూడు నెలల నుంచి మూడేళ్ళ దాకా ట్రైనీగా పెట్టుకోవచ్చునంది. దాన్ని తరవాత ఆపేశారు గాని, ఆ తరహా ఆగలేదు. పేర్లు మారతాయి, ఏజెన్సీలు మారతాయి, యూనిఫారం రంగు మారుతుంది. రేకు ఎత్తి పెట్టి బటన్ నొక్కే పని కుర్రాడికి మంగళవారం చెప్తే గురువారానికి వచ్చేస్తుంది. కాగితాల మీద మాత్రం వాడు ఇంకా నేర్చుకుంటూనే ఉంటాడు. రాత్రి షిఫ్టులో నేర్చుకుంటాడు, పండగపూట నేర్చుకుంటాడు, పర్మనెంటువాడు సెలవు పెడితే వాడి మిషను మీద కూడా నేర్చుకుంటాడు. ఎంత నేర్చుకున్నా స్టైపెండే, జీతం కాదు. గడువు తీరిన రోజున, అంటే పర్మనెంటు అడగగలిగే రోజుకు కాస్త ముందు, వాడి చదువు హఠాత్తుగా పూర్తవుతుంది. సర్టిఫికెట్టు చేతిలో పెట్టి గేటు చూపిస్తారు. మర్నాడు కొత్తవాడు వస్తాడు. వాడికి మళ్ళీ మొదటినుంచి ఎవరు నేర్పాలి? అన్నే.

అలా అన్న ఎన్ని బ్యాచ్‌లకు చూపించాడో కంపెనీ లెక్కల్లో లేదు. తన పని తాను చేసుకుంటూ, తన టార్గెట్ తాను తెచ్చుకుంటూ, మధ్యలో చూపించాడు. అందువల్ల ఆయన ముక్కలు నాలుగు తగ్గితే ఇంక్రిమెంటులో కోసుకున్నారు. ఆ ఏడాదే కంపెనీకి బెంగళూరు స్టార్ హోటల్లో ‘ఉత్తమ అభ్యాస సంస్కృతి’ అవార్డు వచ్చింది. అందుకోవడానికి ఎల్ అండ్ డీ హెడ్డుగారు సూటు కుట్టించుకుని వెళ్ళారు. షెడ్డులో అందరికీ టీతోపాటు ఒక సమోసా.

అన్న యాభై ఎనిమిదేళ్ళకు రిటైరయ్యాడు. గడియారాల ఊరు కాబట్టి గోడ గడియారమే ఇచ్చారు. హెడ్డుగారు మైకు పట్టుకుని, “ఈయన ఒక విశ్వవిద్యాలయం” అన్నారు. చప్పట్లు కొట్టారు. మూడు వారాలు తిరగకముందే ఆ మిషను మీద వరసగా జాబులు రిజెక్టయ్యాయి. లామినేషన్ కాగితం చూశారు, యాప్ చూశారు, బెంగళూరు కన్సల్టెంటుగారికి మెయిల్ పెట్టారు. చివరికి కుర్రాడే షెడ్డు వెనక్కి వెళ్ళి అన్నకు ఫోన్ చేశాడు. అన్న బాగలూరు పక్క తన తోటలో బీన్సుకు మందు కొడుతున్నాడు, ఎత్తలేదు. చెయ్యి కడుక్కుని తనే తిరిగి చేశాడు. చిప్పు ఎట్లొస్తా ఉందో అడిగాడు, మిషను దగ్గర ఫోను పెట్టమని శబ్దం విన్నాడు, స్పిండిల్ బేరింగ్ చూసుకోమన్నాడు. సాయంత్రానికి మిషను దారిలో పడింది.

నెలాఖరు రిపోర్టులో ఆ ఫోను కూడా చేరింది. ఇరవై పాళ్ళ గడిలో ఒక టిక్కు, ఎదురుగా ఖర్చు సున్న. అందులో అబద్ధమేమీ లేదు, కాల్ చేసింది అన్న కదా.